ఆమేన్‌కూ నవ్వుకూ మధ్య

…మొదట గాలి వినిపిస్తుంది. ఆ తర్వాతే పాట.

గాలి కాదది. టేపు అరిగిన చప్పుడు. యాభై ఏళ్ళు మద్రాసులో ఎవరి అటక మీదో పడివున్న టేపు, తిరగడం మొదలవగానే వదిలిన పాత ఊపిరి. రాజమోహన్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసినా గాలే అనుకుంటాడు. ఉదయగిరి కొండ మీంచి దిగివచ్చే గాలి. ఆషాఢంలో వీచే పడమటి గాలి. తలుపులు మూసుకున్నా ఇంట్లోకి దుమ్ము మోసుకొచ్చే గాలి.

ఆ గాలిలోంచి — ఒక గిటారు.

తనదే.

ఇరవై మూడేళ్ళ వయసులో తనది.

బస్సు కిటికీ పక్కన కూర్చుని వింటున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. చేతిలో ఫోను. ఉదయగిరి వెనకబడింది. కొండ మాత్రం వెనకబడలేదు. ఎంత దూరం పోయినా కిటికీలో అలాగే ఉంది, ఏదో చెప్పాలని వచ్చి చెప్పకుండా నిలబడిన మనిషిలా.

ఆత్మకూరుకి పోతున్నాడు. అక్క దగ్గరికి.

అక్కకి ఒక మాట వినిపించాలి. ఒకే ఒక్క మాట. అది ఎవరి గొంతో అక్క చెప్పాలి.

చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఇంకెవరూ మిగల్లేదు.

*

వాళ్ళు నలుగురు. మద్రాసు కాలేజీల్లో చదువుకోను పోయి, చదువు పక్కన పెట్టిన నలుగురు నెల్లూరు జిల్లా కుర్రాళ్ళు. బ్యాండు పేరు ది బోర్‌వెల్స్. పేరు పెట్టింది బాస్ గిటారు వాయించే సురేంద్రబాబు. కలిగిరిలో టోకు కొట్టు వాళ్ళ పిల్లవాడు. "ఎంత లోతు తవ్వినా నీళ్ళు పడని ఊళ్ళోళ్ళం. మనకి ఇంకేం పేరు పెట్టేదిరా," అన్నాడు.

జుట్టు పెంచారు. బెల్‌బాటమ్‌లు కుట్టించుకున్నారు. ఇంగ్లీషులో పాడారు. ఇంగ్లీషులో నవ్వడం కూడా నేర్చుకున్నారు.

డెబ్భై అయిదు వేసవిలో ఒక కాలేజీ ఆరుబయట వాయించారు. ఎవరో ఆ సాయంత్రాన్ని టేపు మీదికి ఎక్కించారు. ఆ తర్వాత బ్యాండు ఎక్కువ కాలం బతకలేదు. టేపు బతికింది.

ఆ సాయంత్రం చివరికి వస్తుండగా రాజమోహన్ పాట ఒకటి ఉంది. వాన రాని ఎండాకాలం గురించిన పాట. మాటలు ఇంగ్లీషువి. ఎండ మాత్రం ఉదయగిరిది. పాట చివర ఒకే ఒక్క స్వరం. తీగని వేలితో లాగి, వదలకుండా పట్టుకుని, అది తనంతట తాను చచ్చిపోయేదాకా ఆగాలి. తొందరపడితే పాట చెడుతుంది.

ఆగాడు.

తీగ సన్నబడింది… సన్నబడింది…

ఆగింది.

చప్పట్లు ఇంకా మొదలు కాలేదు. జనం ఇంకా ఆ స్వరంలోనే ఉన్నారు.

ఆ సందులో — జనం వెనక, ఎక్కడో దూరంగా — ఒక మగ గొంతు.

"ఆమేన్."

రాజమోహన్ వేలు ఫోను మీద పడింది. పాట ఆగిపోయింది.

టేపులోని పాట ఫోనుకి వచ్చిన మర్నాటినుంచీ అక్కడే ఆపేస్తున్నాడు.

*

సురేంద్రబాబు ఇప్పటికీ మద్రాసులోనే ఉన్నాడు. టేపు వెతికి పట్టుకున్నదీ, స్టూడియోలో శుభ్రం చేయించిందీ, లోకానికి వినిపిస్తానని కూర్చున్నదీ అతనే. మొన్న సోమవారం ఫోన్ చేశాడు.

"రేయ్ మైకుసెట్టూ. ఇన్నావా?"

"ఇన్నాను."

"ఎట్లుండాది?"

"మనం అంత బాగా వాయించినామా అని డౌటు."

"వాయించలేదులే. స్టూడియోవోడు వాయించినాడు." కాసేపు దగ్గాడు. "ఒక సంగతి ఉండాది. నీ పాట అయిపోతానే ఎవడో ఆమేన్ అని అరిచినాడు గదా. జనం నవ్వినారు. నువ్వూ నవ్వినావు. అంతా పడింది. తీసేయమంటావా?"

"నవ్వు ఒక్కటి తీసేయరాదా?"

"అప్పుడు ఆమేన్ ఒక్కటే గాల్లో యేలాడతది. కుదరలేదంట. పోనీ ఆమేన్ తీసేస్తే నీ నవ్వు మిగులుద్ది, ఒట్టిపుణ్యానికి నవ్వే పిచ్చోడి మాదిరిగా. తీస్తే రెండూ తీయాల. పెడితే రెండూ పెట్టాల. శుక్రవారం లోపల చెప్పు. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

"అది మా నాయనేమోరా."

అవతల దగ్గు ఆగింది.

"మీ నాయనా? పాస్టరయ్యా? మన కచేరీకా?" సురేంద్రబాబు గొంతు తగ్గించాడు. "యాడికిరా. ఎవడో కాలేజీ పోరంబోకు అయ్యుంటాడు."

అయి ఉండొచ్చు.

ఇవాళ శుక్రవారం.

*

కాలేజీ పోరంబోకు అయితే ఏమెన్ అంటాడు.

ఆ గొంతు ఏమెన్ అనలేదు. ఆమేన్ అంది. మొదటి అక్షరం మీద నిలబడి, రెండో అక్షరాన్ని లాగి, చివర్లో పెదవులు కాస్త ఆలస్యంగా కలిపింది. ఉదయగిరి కొండ కింద, చర్చి బల్లల మీద, గొంగళ్ళు కప్పుకున్న ముసలివాళ్ళు అలాగే అంటారు. మట్టి పిసికినట్టు అంటారు. ఇంగ్లీషు చదువులవాళ్ళు ఏమెన్ అంటారు, పెదవి అంచుతో.

కానీ మద్రాసులో తమిళం వాళ్ళు ఉంటారు. వాళ్ళూ ఆమేన్ అనే అంటారు.

రాజమోహన్‌కి ఇది తెలుసు. తెలిసిన ప్రతిసారీ మరచిపోవాలని చూస్తాడు.

నాయన పాస్టరు వరప్రసాదం. సైకిలు మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పినవాడు. కొడుకు గిటారు పట్టుకున్నప్పుడు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "అది పాట కాదు నాయనా, గోల," అన్నాడు. అంతే. కచేరీకి రమ్మని పిలిస్తే తల అడ్డంగా ఊపాడు.

బ్యాండు విరిగిపోయాక రాజమోహన్ ఉదయగిరికి తిరిగి వచ్చాడు. మైకుసెట్టు అద్దెకిచ్చే కొట్టు పెట్టాడు. పెళ్ళిళ్ళు. ఎలక్షన్లు. సువార్త కూటాలు. సురేంద్రబాబు ఆ రోజునుంచీ అతన్ని మైకుసెట్టూ అనే పిలుస్తాడు. అందులో ఎగతాళి ఎంతో, దిగులు ఎంతో ఇద్దరూ ఎప్పుడూ విడదీసి చూడలేదు.

నాయన కూటాలన్నిటికీ మైకు తనదే. నాయన ముందు నిలబడి తీగ సర్దేవాడు, ఎత్తు సరిచేసేవాడు. "నాయనా, కొంచెం దగ్గరికి రా." నాయన దగ్గరికి వచ్చేవాడు. మైకుకి. వాన గురించి మాట్లాడుకున్నారు. బియ్యం గురించి మాట్లాడుకున్నారు. యాంప్లిఫయరు గురించి కూడా మాట్లాడుకున్నారు. నాయన పోయేదాకా ఒకే ఇంట్లో ఒకే కంచంలో తిన్నట్టు తిన్నారు.

పాట గురించి మాట్లాడుకోలేదు.

నాయన ఆమేన్‌ని అనంతసాగరం దాకా, చేజర్ల దాకా, నాలుగు బూరల్లోంచి నాలుగు దిక్కులకీ వినిపించినవాడు తాను. ఆ గొంతు ఎక్కడ గీసుకుంటుందో, ఎక్కడ కూత పెడుతుందో చేతివేళ్ళకి తెలుసు. ఇప్పుడు చెవికి తెలియడం లేదు.

మైకు వినిపిస్తుంది.

దాచుకోదు.

*

బస్సు ఆగింది. ఎవరో దిగారు. గేదెలు రోడ్డు దాటుతున్నాయి, తొందర లేకుండా. కిటికీలోంచి వేడిగాలి. తుమ్మ ముళ్ళకి ప్లాస్టిక్ కవర్లు తగులుకుని రెపరెపలాడుతున్నాయి.

పాటని వెనక్కి జరిపాడు. మళ్ళీ తీగ సన్నబడింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ — ఆమేన్.

ఈసారి వేలు కదల్లేదు. ఏం వస్తుందో తెలుసు. మొదటి రోజు ఒక్కసారి విన్నాడు. రెండోసారి వినడానికి ఇన్నాళ్ళు పట్టింది.

జనం నవ్వారు. అల ఒడ్డు తాకినట్టు, ముందు కొంచెం, తర్వాత చాలా.

ఆ నవ్వు మీద, మైకుకి అతి దగ్గరగా, ఇంకో నవ్వు. ముక్కులోంచి వచ్చిన చిన్న నవ్వు.

తర్వాత అదే గొంతు, చక్కటి ఇంగ్లీషులో:

"ఏమెన్."

దిద్దినట్టు. ఎర్రసిరా పెన్నుతో ఒక అక్షరాన్ని కొట్టేసి, పైన సరైనది రాసినట్టు.

జనం మళ్ళీ నవ్వారు. ఈసారి చప్పట్లు కూడా.

అది తానే.

ఆ నవ్వు తనకి జ్ఞాపకం లేదు. ఆ సాయంత్రం తొడుక్కున్న చొక్కా జ్ఞాపకం ఉంది. వేదిక మీద కాలికింద చెక్క కిర్రుమనడం జ్ఞాపకం ఉంది. నవ్వు లేదు. మనసు ఏది ఉంచుకుంటుందో ఏది పారేస్తుందో మనిషిని అడగదు. మనిషి లేనప్పుడు ఇల్లు సర్దేసే బంధువులా, తనకి తోచినవి సర్దేసి, తాళంచెవి కూడా పట్టుకుపోతుంది.

ఆ గొంతు నాయనది కాకపోతే — నాయన తన పాట వినలేదు. ఎప్పటికీ వినలేదు.

నాయనదే అయితే — విన్నాడు. ఆమేన్ అన్నాడు. కొడుకు నవ్వాడు.

ఏది కావాలి?

కిటికీ ఊచ పట్టుకుని, డెబ్భై మూడేళ్ళ రాజమోహన్ తనని తానే అడిగాడు. నీకు ఏది కావాలి?

కొండ ఇప్పుడు కనపడటం లేదు. ఎప్పుడు పోయిందో చూడలేదు.

*

అక్క సుకుమారి వసారాలో నులకమంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆమెకి ఎనభై దగ్గర పడుతున్నాయి. నర్సుగా పనిచేసి రిటైరయింది. చూపు తగ్గింది. నోరు తగ్గలేదు.

"ఏందిరా, చెప్పకుండా దిగినావు. ఎవురన్నా పోయినారా?"

"ఎవురూ పోలేదుకా. ఒకటి ఇనిపిద్దామని."

"నువ్వు ఇనిపించేది ఊరంతా ఇన్నది గదా ముప్పై ఏండ్లు. ఇంకా ఏమన్నా మిగిలిందా?"

ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో నిలబడలేదు. లాగి పారేసింది. ఫోన్ని గిన్నెలో పెడితే గట్టిగా వినిపిస్తుందని రాజమోహన్‌కి తెలుసు. వంటింట్లోంచి ఒక స్టీలు గిన్నె తెచ్చాడు. ఫోన్ని అందులో నిలబెట్టాడు. పాట గిన్నెలోంచి లేచింది.

అందులో నాయన గొంతు ఉందేమోనని మాత్రం చెప్పలేదు. చెప్తే అదే వినిపిస్తుంది. అది అతనికి తెలుసు.

అక్క చింతపండు పక్కన పెట్టింది. కళ్ళు మూసుకుంది. చర్చిలో కూర్చున్నట్టే కూర్చుంది, ఒళ్ళో చేతులు రెండూ కలిపి. యాభై ఏళ్ళ కిందటి డ్రమ్ములు స్టీలు గిన్నెలో డబడబలాడాయి. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. పాట దాని పాటికి అది సాగింది.

చివరి స్వరం వచ్చింది.

తీగ సన్నబడింది… సన్నబడింది…

ఆగింది.

"ఆమేన్," అంది అక్క.

గిన్నెలోంచి వచ్చిన ఆమేన్, అక్క నోట్లోంచి వచ్చిన ఆమేన్ — ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండూ కలిసిపోయాయి. ఏది ఎక్కడ మొదలైందో తెలియలేదు. అక్క కళ్ళు తెరిచింది, తన నోరు తనకి చెప్పకుండా మాట్లాడేసినందుకు కాస్త బిత్తరపోయి.

రాజమోహన్ నవ్వాడు.

ముక్కులోంచి. చిన్నగా. ఆపుకునే లోపలే వచ్చేసింది.

అదే క్షణాన గిన్నెలో కూడా ఎవరో ముక్కులోంచి నవ్వారు.

"ఏందిరా నవ్వుతుండావు? ముసల్దాన్ని చూసి ఎగతాళా?"

"కాదుకా."

"మరేంది?"

ఎగతాళి కాదు. అది మాత్రం తెలుసు. జనంలో నిలబడి ఉండగా ఎవరో వెనకనుంచి నీ ఇంటి పేరు పెట్టి పిలిస్తే వచ్చే నవ్వు అది. సిగ్గూ, అదిరిపాటూ, ఇంకేదో. పేరు లేనిది.

యాభై ఏళ్ళ కిందటిదీ ఇదేనా?

ఏమో. గిన్నెలోది ఇనపగొంతు. తర్వాత ఆ ఏమెన్ కూడా ఉంది. ఈ నవ్వు తర్వాత ఏమెన్ రాలేదు.

"మళ్ళీ పెడతాను. ఈసారి నువ్వు అనబాక. గమ్మునుండి ఇను. మనిషి గొంతు ఒకటి వస్తాది. ఎవురిదో చెప్పు."

పెట్టాడు. అక్క పెదవులు గట్టిగా బిగించుకుంది, ఇంజెక్షన్ చేసేటప్పుడు పిల్లలు బిగించుకున్నట్టు. తీగ ఆగింది. ఆ ఒక్క మాట గిన్నెలో తిరిగింది.

అక్క గిన్నె వైపు ఒరిగింది.

"ఇంకోసారి పెట్టు."

పెట్టాడు.

"ఇంకోసారి."

మూడోసారి తర్వాత అక్క చేయి చాపి తానే ఫోన్ని బోర్లా పడుకోబెట్టింది. ఎదురుగా గోడని చూస్తూ కూర్చుంది. వసారా చూరు కింద గాలి ఏదో ఈడ్చుకుపోతోంది.

"నాయన అనుకుంటుండావా?" అంది.

"నువ్వు చెప్పాల."

"నాకు తెలవడంలేదురా."

"బాగా ఇను అక్కా —"

"ఇన్నాను. చెవులు బాగానే ఉండాయి." ఆమె గొంతు మారింది. "నాయన గొంతు నా దగ్గర లేదురా. మొకం ఉండాది. చేతులు ఉండాయి, నేనే గదా కడిగింది చివరాకర్న. కిర్రుచెప్పులు ఉండాయి. గొంతు… ఎప్పుడు పోయిందో. నువ్వు అడిగినాకనే తెలిసింది పోయిందని."

కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపు కాదు. పోయినదాన్ని వెతుక్కునే మనిషి జేబులు తడుముకున్నట్టు.



తర్వాత అక్కే మొదలుపెట్టింది. గోడతో చెప్తున్నట్టు.

"ఒక ఎండాకాలం బైబిళ్ళు తెస్తానని మద్రాసు పోయినాడు. ఒట్టి చేతులతో తిరిగొచ్చినాడు. బైబిళ్ళేవి నాయనా అంటే, మద్రాసులో జనం ఎక్కువమ్మా అన్నాడు. అంతే. అమ్మ ఎంత అడిగినా ఇంకో ముక్క రాలేదు."

"ఏ ఎండాకాలం?"

"ఎవురికి తెలుసురా. అన్నీ ఎండాకాలాలే గదా మనకి."

రాజమోహన్ ముందుకి జరిగాడు.

అక్క అతని వైపు చూసింది. అతని ముఖంలో ఏం కనపడిందో, మళ్ళీ తన మామూలు గొంతులోకి వచ్చింది. "నువ్వు మరీ గొప్పలు పోబాక. నాయన దేనికైనా ఆమేన్ అంటాడు. కలిగిరి బస్సులో రేడియో పాట అయిపోతే ఆమేన్ అన్నాడు, కండక్టరు పడీపడీ నవ్వినాడు. తాగుబోతు ఓబయ్య మన సందులో నిలబడి బూతుపాట పాడితే, లోపల అన్నం తింటా, దానికీ ఆమేన్ అన్నాడు."

"అలవాటు."

"అలవాటే. అమ్మ అరిచింది ఆరోజు, ఆ ఎదవ పాటకి ఆమేన్ ఏందని. పాడినోడికి తెలియాల గదా, అవతల ఒక మనిషుండాడని — అన్నాడు. అని మజ్జిగ పోసుకున్నాడు."

అక్క చింతపండు పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. గింజ తీసింది. పక్కన పడేసింది. ఇంకో గింజ.

*

బస్టాండులో ఎండ వాలుతోంది. నెల్లూరు బస్సు కదలడానికి కేకలు పెడుతోంది. ఉదయగిరి బస్సు ఇంకా రాలేదు. చెరకురసం బండి పక్కన సిమెంటు బల్ల మీద రాజమోహన్ కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర దుమ్ము చిన్న చిన్న సుడులు తిరిగి, ఎక్కడికీ పోకుండా, అక్కడే కూలబడుతోంది.

సురేంద్రబాబు నుంచి మెసేజి వచ్చి ఉంది. 'ఏందిరా. తీసేయమంటావా?'

తీసేస్తే సులువు. తీగ ఆగుతుంది. చప్పట్లు వస్తాయి. శుభ్రమైన పాట. ఎవరూ ఏమీ అనరు. ఎవరూ దేన్నీ దిద్దరు. తన తర్వాత ఆ పాట వినేవాళ్ళకి బోర్‌వెల్స్ మంచి బ్యాండు. అంతే.

ఉంచితే తన నవ్వు ఉంటుంది. ఎల్లకాలం. ముక్కు, మొండితనం, ఇరవై మూడేళ్ళ పొగరు, ఆ ఏమెన్ — అన్నీ. ఎవరైనా ఎక్కడైనా వినొచ్చు. విని, ఈ కుర్రాడు ఎంత దుర్మార్గుడో అనుకోవచ్చు. లేకపోతే ఏమీ అనుకోకుండా వాళ్ళూ నవ్వొచ్చు. అదే ఎక్కువ భయం.

నాయనా, అదేనా నువ్వు?

ఎవరూ చెప్పరు. ఇక ఎవరూ చెప్పరు. చెప్పగలిగిన ఒక్క మనిషీ గోడ వైపు తిరిగి వెతుక్కుని, లేదనేసింది. ఒక ఎండాకాలం. ఒట్టి చేతులు. తమిళం వాడు ఎవడైనా కావచ్చు. అలవాటు కూడా కావచ్చు. ఓబయ్య పాటకి పడినదే తన పాటకీ పడి ఉండొచ్చు, ఒక గింజ తక్కువా కాదు, ఒక గింజ ఎక్కువా కాదు.

అవతల ఒక మనిషి ఉన్నాడు.

అంతవరకు టేపు చెబుతోంది. ఆ మనిషి ఎవరైనా కానీ — తీగ చచ్చిపోయేదాకా ఆగాడు. తొందరపడలేదు. చప్పట్ల కంటే ముందు, అందరికంటే ముందు, ఆ నిశ్శబ్దంలోకి ఒక్కడే అడుగుపెట్టాడు.

రాజమోహన్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. రాద్దామనుకున్నాడు. తీగ మీద ఒకప్పుడు పరుగెత్తిన వేళ్ళు, ఇప్పుడు అక్షరాల మీద తడబడుతున్నాయి. 'తీ' అని పడింది. చెరిపేశాడు.

మైకు గుర్తు మీద బొటనవేలు పెట్టాడు. నొక్కి పట్టుకున్నాడు.

జీవితమంతా ఇంకొకళ్ళకి మైకు సర్దినవాడు. కొంచెం దగ్గరికి రమ్మని అందరికీ చెప్పినవాడు.

కొంచెం దగ్గరికి వంగాడు.

మాట రాలేదు. ఫోన్లో ఎర్రచుక్క వెలుగుతోంది, ఆరుతోంది. పడమటి గాలి బస్టాండు రేకుల కిందినుంచి వచ్చి, చేతి మీదుగా, ఫోను మీదుగా పోయింది.

మొదట గాలి పడింది. ఆ తర్వాతే మాట.

"రెండూ ఉండనీరా…"

వేలు ఎత్తేశాడు.